బడికీ ఇంటికీ మధ్య దూరం ఎవరి పద్దు?

ఏటా బడులు తెరిచే జూన్ 12 దగ్గరపడేసరికి ప్రభుత్వ ఉపాధ్యాయులు బడిబాట బ్యానర్లు పట్టుకుని ఇంటింటికీ తిరగడం మొదలుపెడతారు. అదే వారంలో రవాణా శాఖ అధికారులు ప్రైవేటు పాఠశాలల బస్సులను ఆపి ఫిట్‌నెస్ పత్రాలు అడుగుతుంటారు. పిల్లల్ని బడికి చేర్చే పని ఎవరిదన్న ప్రశ్న కూడా అప్పుడే లేస్తుంది. పాఠం చెప్పడం మా పని, పిల్లల్ని పోగేసుకు రావడం కాదని ఉపాధ్యాయ సంఘాలు అంటాయి. తల్లిదండ్రుల్లో చైతన్యం లేదని అధికారులు నివేదికలు రాస్తారు. ఊళ్లో ఉన్న బడిని ఎత్తేసి మమ్మల్ని అంటారేమిటని తల్లిదండ్రులు నిలదీస్తారు. తల్లుల ఖాతాల్లో డబ్బు వేశాం కదా అని పాలకులు గుర్తుచేస్తారు. జులై వచ్చేసరికి ఎవరి పనిలో వారు పడతారు, ప్రశ్న మళ్లీ జూన్ దాకా నిద్రపోతుంది.

చట్టం మాత్రం ఈ విషయంలో స్పష్టంగానే మాట్లాడింది. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 8వ సెక్షన్ ప్రకారం ఆరు నుంచి పద్నాలుగేళ్ల లోపు ప్రతి బిడ్డ చేరిక, హాజరు, ఎలిమెంటరీ విద్య పూర్తి చేయడం అనే మూడింటినీ సాధించాల్సిన బాధ్యత ప్రభుత్వానిదే. 9వ సెక్షన్ అదే భారాన్ని స్థానిక సంస్థల మీదా పెట్టింది: తమ పరిధిలోని పిల్లల వివరాలు నమోదు చేయాలి, హాజరును పర్యవేక్షించాలి, వలస కుటుంబాల పిల్లలను బడిలో చేర్చాలి. తల్లిదండ్రుల ప్రస్తావన 10వ సెక్షన్‌లో వస్తుంది. బిడ్డను బడిలో చేర్పించడం వారి విధి అని చెప్పి ఊరుకున్నారు తప్ప, చేర్పించకపోతే శిక్ష ఏమిటో రాయలేదు. 86వ రాజ్యాంగ సవరణ (2002) కూడా ఇదే వరుస పాటించింది. 21ఎ అధికరణ కింద బిడ్డకు హక్కు ఇచ్చింది. 51ఎ(కె) కింద తల్లిదండ్రులకు ప్రాథమిక విధిని గుర్తుచేసింది. మొదటిదాని మీద కోర్టుకు వెళ్లవచ్చు. రెండోదాని ఆధారంగా ఎవరినీ నేరుగా శిక్షించలేరు.

ఈ వరుస యాదృచ్ఛికం కాదు. 1911లో గోపాలకృష్ణ గోఖలే ఇంపీరియల్ శాసనమండలిలో ప్రవేశపెట్టిన ప్రాథమిక విద్యా బిల్లు పిల్లల్ని పంపని తండ్రికి జరిమానా ప్రతిపాదించింది. అప్పటికే బరోడా సంస్థానంలో సయాజీరావు గైక్వాడ్ నిర్బంధ విద్యను, జరిమానాలను అమలు చేసి చూపారు. అయినా కూలికి వచ్చే పిల్లలు చేజారతారని భూస్వాములు భయపడ్డారు, ఖర్చుకు సర్కారు వెనకాడింది. 1912 మార్చిలో బిల్లు 38-13 ఓట్లతో వీగిపోయింది. స్వాతంత్ర్యం వచ్చాక రాజ్యాంగం 45వ అధికరణలో నిర్బంధ విద్యకు పదేళ్ల గడువు పెట్టుకుంది. పదేళ్లు పోయి యాభై ఏళ్లయినా ఆ లక్ష్యం నెరవేరలేదు. పేదరికం వల్ల పిల్లలు పనిచేయక తప్పదన్న నమ్మకం అధికార వర్గాల్లోనే పాతుకుపోయిందని, అందుకే నిర్బంధ విద్యను ఎవరూ సీరియస్‌గా తీసుకోలేదని అమెరికన్ పండితుడు మైరన్ వీనర్ 1991లో రాసిన పుస్తకం పెద్ద చర్చనే రేపింది.

ఆ నమ్మకాన్ని నేలమీద తప్పని నిరూపించిన ప్రయోగం తెలుగునాట జరిగింది. 1990ల ఆరంభం నుంచి రంగారెడ్డి జిల్లాలో శాంతా సిన్హా నాయకత్వంలో ఎం.వి.ఫౌండేషన్ పశువుల కాపర్లను, జీతగాళ్లను, పత్తి చేలల్లో పనిచేసే ఆడపిల్లలను చదువుకు సిద్ధం చేసే వారధి శిబిరాల మీదుగా బడులకు తెచ్చింది. బడిలో లేని ప్రతి బిడ్డా బాలకార్మికురాలే అన్నది ఆ సంస్థ సూత్రం. అక్కడ తేలిందేమిటంటే, నిరుపేద తల్లిదండ్రులకూ చదువు మీద ఆశ బలంగా ఉంది. చదువు వద్దనుకున్న ఇళ్లు తక్కువ. టీసీ లేదని, వయసు దాటిందని, జూన్ నెల అయిపోయిందని తిప్పి పంపిన బడులే ఎక్కువ. ఉత్తరాది రాష్ట్రాల్లో తిరిగి 1999లో వెలువడిన ‘ప్రోబ్’ నివేదిక కూడా దాదాపు ఇదే చెప్పింది. పాతికేళ్లు దాటినా ‘చైతన్యం లేదు’ అన్న మాట మన నివేదికల్లో ఇంకా బతికే ఉండటం చూస్తే, చైతన్యం ఎవరికి కొరవడిందో అనుమానం వస్తుంది.

తల్లిదండ్రులకు జరిమానా వేస్తే దారికొస్తారన్న వాదన అడపాదడపా వినిపిస్తూనే ఉంటుంది. ఆ దారిలో చాలా దూరం వెళ్లిన దేశం ఇంగ్లండ్. బిడ్డ అనుమతి లేకుండా బడి మానితే అక్కడ తల్లికీ తండ్రికీ విడివిడిగా నోటీసు వస్తుంది. 2024 ఆగస్టు నుంచి జరిమానా 80 పౌండ్లు, మూడు వారాల్లో కట్టకపోతే 160. కోర్టుదాకా వెళ్తే జైలు శిక్షకూ వీలుంది. 2002లోనే ఒక తల్లిని జైలుకు పంపారు. ఫలితం? 2023-24లో ఇచ్చిన దాదాపు 4.87 లక్షల నోటీసుల్లో పదింట తొమ్మిది సెలవులు కాని రోజుల్లో కుటుంబంతో విహారానికి వెళ్లినవారివి. విమాన టికెట్లు చవగ్గా దొరికే వారంలో వెళ్లి, జరిమానాను కూడా ప్రయాణ ఖర్చులో కలుపుకొనే కుటుంబాలున్నాయి. మరోవైపు కొవిడ్ తర్వాత పదో వంతు రోజులకు మించి బడికి రాని పిల్లల శాతం ముందున్న దానికి రెట్టింపైంది. వారిని బడికి దూరం చేస్తున్న అనారోగ్యం, మానసిక ఆందోళన, ఇంటి పేదరికం లాంటివి నోటీసుకు లొంగేవి కావు. కాలిఫోర్నియా 2010లో తెచ్చిన చట్టం పిల్లల దీర్ఘకాలిక గైర్హాజరుకు తల్లిదండ్రులను ఏడాది దాకా జైలుకు పంపే వీలు కల్పించింది. దాన్ని ముందుండి నడిపించిన కమలా హారిస్, కొన్ని కౌంటీల్లో తల్లిదండ్రులను అరెస్టు చేసిన తీరుపై తర్వాత విచారం వ్యక్తం చేయాల్సి వచ్చింది. ఇంటింటి జనన నమోదు, సంక్షేమ సిబ్బంది, న్యాయ సహాయం ఉన్న దేశాల్లోనే శిక్ష ఇలా గురితప్పితే, కోసిగి నుంచి మిర్చి కోతలకు గుంటూరు వెళ్లిన కూలీ ఇంటి తలుపుకు నోటీసు అంటించి మనం సాధించేదేముంది?

మనం ఎంచుకున్నది శిక్ష కాదు, ఎర. అదీ కొట్టిపారేయాల్సింది కాదు. 2020 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన అమ్మఒడి, పిల్లల్ని బడికి పంపే తల్లికి ఏటా 15 వేలు అంది. దాని స్థానంలో 2025 జూన్‌లో వచ్చిన తల్లికి వందనం ఒక్కరికే అన్న పరిమితి తీసేసి, చదువుకునే ప్రతి బిడ్డకూ వర్తింపజేసింది. ఇందులో 13 వేలు తల్లి ఖాతాకు, 2 వేలు బడుల నిర్వహణకు. తల్లి పేరు మీద డబ్బు పడటం వల్ల ఇంట్లో ఆమె మాటకు బలం పెరిగిందన్నది కాదనలేం. రెండు పథకాలకూ ఉన్న 75 శాతం హాజరు షరతు మాత్రం ఆలోచించాల్సిన విషయం. ఈ షరతు ఎవరికి కష్టం కాదు? ఎలాగూ రోజూ బడికి వెళ్లే పిల్లలకు. ప్రైవేటు బడిలో చదివే మధ్యతరగతి బిడ్డ తల్లికి అది షరతే కాదు. ఏడాదిలో నాలుగు నెలలు వలసపోయే ఇంటి బిడ్డ అక్కడే తప్పిపోతుంది. ఎవరికోసం డబ్బు పెట్టారో వారికే అది అందకుండా పోతుంది.

ఈ పద్ధతికి పెద్దన్న అనదగ్గ బ్రెజిల్ వేరేగా ఆలోచించింది. 2003లో మొదలైన బోల్సా ఫామిలియా నగదు పథకంలోనూ హాజరు షరతు ఉంది, చాలాకాలం మన కన్నా కఠినంగా 85 శాతం ఉండేది. కానీ హాజరు తగ్గిన మొదటిసారి డబ్బు ఆపరు, హెచ్చరిస్తారు. మళ్లీ తగ్గితే కొంతకాలం నిలిపి ఉంచుతారు. పదేపదే జరిగితేనే రద్దు. ఈ మెట్ల మధ్యలో మున్సిపాలిటీ సామాజిక సహాయ విభాగం ఆ కుటుంబాన్ని కలవాలి. అంటే అక్కడ హాజరు పడిపోవడం ఇంట్లో ఏదో ఇబ్బంది ఉందని అధికారులకు అందే కబురు. మన దగ్గర అది అనర్హుల జాబితాలో ఒక వరుస. మన బడుల్లోనూ ఇప్పుడు హాజరు యాప్‌లలో నమోదవుతోంది, తెలంగాణలో ముఖ గుర్తింపు కూడా వచ్చింది. బిడ్డ వారం రోజులు రాలేదన్న సంగతి ఆ సాయంత్రానికే రాష్ట్ర రాజధానికి తెలిసిపోతుంది. ఆ ఇంటికి వెళ్లాల్సిన మనిషి ఎవరన్నది మాత్రం ఏ యాప్‌లోనూ ఉండదు.

ఇంతవరకూ మాట్లాడుకున్నదంతా బిడ్డ మనసును, తల్లి మనసును బడివైపు తిప్పడం గురించే. అసలు నడవాల్సిన దూరం గురించి మన చర్చల్లో ఆశ్చర్యకరంగా తక్కువ వినిపిస్తుంది. ఉమ్మడి రాష్ట్రంలో చేసిన విద్యాహక్కు నిబంధనల ప్రకారం ప్రాథమిక పాఠశాల కిలోమీటరు లోపు, ఆరు నుంచి ఎనిమిది తరగతులు మూడు కిలోమీటర్ల లోపు ఉండాలి. ఊళ్లో పిల్లలు తగ్గారు, ఇద్దరు ముగ్గురితో బడి నడపలేమన్న వాదనలో నిజముంది. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో జీవో 117 కింద 3, 4, 5 తరగతులను ఉన్నత పాఠశాలలకు కలిపినప్పుడు సబ్జెక్టు టీచర్లు దొరుకుతారన్నది ప్రభుత్వం చెప్పిన లాభం. ఎనిమిదేళ్ల పిల్ల రహదారి దాటి ఎలా వెళ్తుందన్నది తల్లుల ప్రశ్న. ఆందోళనలు జరిగాయి, ప్రభుత్వం మారింది, 2025లో ఆ జీవో రద్దయింది. తెలంగాణలో కథ మరో రకం. అక్కడ ఒక్క బిడ్డా చేరని ప్రభుత్వ బడులు 2024-25 కేంద్ర గణాంకాల ప్రకారం రెండు వేలకు పైగా ఉన్నాయి.

ఆ పిల్లలు ఎక్కడికి పోయారు? చాలామంది పసుపు బస్సెక్కి మండల కేంద్రానికి పోయారు. ప్రైవేటు బడిని జనం ఇంగ్లిష్ మీడియం కోసం ఎంచుకుంటారని మనం అలవాటుగా చెప్పుకుంటాం. ఇప్పుడు సర్కారు బడుల్లోనూ ఇంగ్లిష్ మీడియం ఉంది, మధ్యాహ్న భోజనం ఉంది, డీఎస్సీ రాసి వచ్చిన టీచరున్నాడు. లేనిదల్లా ఇంటి ముందుకు వచ్చి హారన్ కొట్టే బస్సు. పొద్దున్నే కూలికి పోయే తల్లికి అది పెద్ద భరోసా. బిడ్డను ఎవరో ఎక్కించుకున్నారు, సాయంత్రం ఎవరో దింపుతారు. ఆ ఎవరోకి నెలనెలా ఆమె డబ్బు కడుతుంది, అప్పు చేసైనా కడుతుంది. బిడ్డను మోసుకెళ్లే బాధ్యత ఎవరు తీసుకుంటే బిడ్డ వారి బడిలోనే చేరుతుందని ప్రైవేటు యాజమాన్యాలు పాతికేళ్ల కిందటే గ్రహించాయి. విద్యాశాఖ మాత్రం ఇప్పటికీ గోడ లోపలి లెక్కలే చూసుకుంటోంది: గదులు, బల్లలు, మరుగుదొడ్లు, స్మార్ట్ బోర్డులు.

బడి ప్రయాణం ప్రజా ఖర్చు అని అమెరికాలో తొలిసారి ఒప్పుకొన్నది మసాచుసెట్స్. 1852లో నిర్బంధ హాజరు చట్టం తెచ్చిన ఆ అమెరికన్ రాష్ట్రమే 1869లో పిల్లలను గుర్రపు బళ్ల మీద బడికి తీసుకెళ్లేందుకు పన్నుల సొమ్ము వాడుకోవచ్చంది. రమ్మని నిర్బంధించిన పదిహేడేళ్లకు, రావడానికి బండీ ఇచ్చింది. ఇంగ్లండ్‌లో ఎనిమిదేళ్ల లోపు బిడ్డకు రెండు మైళ్లు, ఆపై వయసుకు మూడు మైళ్లు దాటితే రవాణా ఉచితం. అంతకన్నా ముఖ్యమైనది మరో నిబంధన. దూరం తక్కువే అయినా, పెద్దవాళ్లు తోడున్నా నడవడానికి క్షేమం కాని దారైతే కౌన్సిలే బండి పెట్టాలి. జపాన్ దీనికి పూర్తిగా విరుద్ధంగా కనిపిస్తుంది. అక్కడ పిల్లల్ని బడికి పంపడం రాజ్యాంగం ప్రకారమే తల్లిదండ్రుల బాధ్యత. మొదటి తరగతి పిల్లలు కూడా గుంపుగా నడిచే వెళ్తారు. ప్రాథమిక బడికి నాలుగు కిలోమీటర్ల దాకా సబబైన దూరంగానే చూస్తారు. కానీ ఆ నడకదారిని బడి, పోలీసు, మున్సిపాలిటీ కలిసి ముందే నిర్ణయిస్తాయి. 2021లో చిబా రాష్ట్రంలో తాగి నడిపిన ట్రక్కు బడి నుంచి ఇంటికి వెళ్తున్న పిల్లల మీదికి దూసుకెళ్లాక దేశమంతటా బడిదారులను మళ్లీ తనిఖీ చేశారు. ‘జపాన్ పిల్లలు ఎంత క్రమశిక్షణగా నడిచి వెళ్తారో చూడండి’ అని మనవాళ్లు వాట్సాప్‌లో పంచుకునే వీడియోల్లో ఈ భాగం ఉండదు.

ఖర్చు గురించి అమాయకంగా ఉండకూడదు. ఇంగ్లండ్ కౌన్సిళ్లు బడి రవాణాకు ఏటా 200 కోట్ల పౌండ్లకు పైగా పెడుతున్నాయి; ప్రత్యేక అవసరాలున్న పిల్లల టాక్సీ బిల్లులే కొన్ని కౌన్సిళ్లను దివాలా అంచుకు నెడుతున్నాయి. అమెరికాలో డ్రైవర్ల కొరత తీవ్రం. 2023 ఆగస్టులో కెంటకీ రాష్ట్రం లూయివిల్‌లో కొత్త బస్సు రూట్లు మొదటిరోజే కుప్పకూలి, కొందరు పిల్లలు రాత్రి పదికి ఇల్లు చేరారు. ఆ తర్వాత కొన్ని రోజులు బడులే మూసేశారు. ప్రతి బడికీ సొంత బస్సు అన్నది మనకు సాధ్యమూ కాదు, అవసరమూ కాదు.

తక్కువ ఖర్చుతో ఏం చేయవచ్చో బిహార్ చూపింది. 2006లో తొమ్మిదో తరగతిలో చేరే ఆడపిల్లలకు సైకిలు కొనుక్కోవడానికి డబ్బిచ్చారు. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, నిశీథ్ ప్రకాశ్ చేసిన అధ్యయనం ప్రకారం ఉన్నత పాఠశాలలో బాలికల చేరిక సుమారు 30 శాతం పెరిగింది, బాలబాలికల అంతరం 40 శాతం తగ్గింది. ఉన్నత పాఠశాల మూడు కిలోమీటర్లు, అంతకన్నా దూరముండే ఊళ్లలో ఫలితం మరింత బలంగా కనిపించింది. చైతన్యం లేదన్న రాష్ట్రంలో సైకిలు రాగానే చైతన్యం ఎక్కడినుంచి వచ్చినట్టు?

మన దగ్గర సైకిలు కన్నా పెద్ద సాధనమే చేతిలో ఉంది, ఆర్టీసీ. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి మహిళలకు బస్సు ప్రయాణం ఉచితం. బడిపిల్లలూ అందులోకే వస్తారు కాబట్టి, ఆడపిల్లకు బడి ప్రయాణ ఖర్చు కాగితం మీద సున్నా అయింది. అయితే టికెట్ ధర తీసేసినంత మాత్రాన బస్సు తొమ్మిదింటికి బడి దగ్గర ఉండదు. పల్లెవెలుగు ట్రిప్పులు సంతకూ ఆస్పత్రికీ పట్నం కూలికీ కుదిరేలా పుట్టినవి. ఉచితం వచ్చాక రద్దీ పెరిగి, పుస్తకాల సంచీతో ఫుట్‌బోర్డు మీద నిలబడ్డ పిల్లలను చూసి డ్రైవరు ఆపకుండా పోతున్నాడన్న ఫిర్యాదులూ పెరిగాయి. అబ్బాయిల సంగతి ఎవరికీ పట్టలేదు. పన్నెండేళ్లు దాటిన కుర్రాడు ఎనిమిదో తరగతిలో, అంటే విద్యాహక్కు వయసులోనే ఉంటాడు, రాయితీ పాసుకైనా డబ్బు కట్టాలి. దూర ఆవాసాల పిల్లలకు సమగ్ర శిక్ష కింద ఏడాదికి 6 వేల వరకు రవాణా భత్యం ఇచ్చే వీలుంది. కానీ అది తరచూ ప్రయాణం అయిపోయాక ఖాతాలో పడే సొమ్ము. ఆటోవాడు నెలాఖరుకే అడుగుతాడు.

బిడ్డను దూరం నడిపించలేకపోతే బడిలోనే ఉంచుకుందామన్నది మరో సమాధానం. 1971లో పి.వి.నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా సర్వేలులో తొలి గురుకులం మొదలైంది. ఆ మార్గంలో రెండు రాష్ట్రాలూ చాలా దూరం వచ్చాయి, ముఖ్యంగా తెలంగాణ. దళిత, గిరిజన, వెనుకబడిన కుటుంబాల పిల్లలకు గురుకులాలు తెరిచిన తలుపులు తక్కువవి కావు. అయినా గురుకులం ఎంపిక చేసుకుంటుంది; సీటు దొరకని బిడ్డ ఊళ్లోనే మిగులుతుంది, అప్పటికి ఊరి బడిలో తోటిపిల్లలు తగ్గిపోయి ఉంటారు. ఏడెనిమిదేళ్ల బిడ్డను ఇంటికి దూరం చేయడం గిరిజన గూడేల్లో గత్యంతరం లేక ఒప్పుకోవాల్సింది తప్ప, ఆదర్శంగా చెప్పుకోవాల్సింది కాదు. ఇటుక బట్టీల వెంట వచ్చే ఒడిశా కుటుంబాల పిల్లలకు గురుకులమూ లేదు, ఊరి బడీ లేదు. పెద్దపల్లి, హైదరాబాద్ శివార్లలో పని స్థలం దగ్గరే నడిపిన ఒడియా తరగతులు మంచి ప్రయత్నం. అవి కలెక్టరు ఆసక్తిని బట్టి పుడతాయి, కలెక్టరు బదిలీతో పోతాయి. వలస పిల్లల చేరిక స్థానిక సంస్థ విధి అని చట్టంలోనే ఉన్నప్పుడు అది ఒక అధికారి దయగా ఎందుకు మిగలాలి?

అసలు చిక్కు ఇక్కడే ఉంది. చట్టం చెప్పే స్థానిక సంస్థ మన రాష్ట్రాల్లో ఎవరు? పదకొండో షెడ్యూలులో ప్రాథమిక, మాధ్యమిక విద్య పంచాయతీల జాబితాలో ఉంది. టీచర్లు, నిధులు, నిర్ణయాలు మాత్రం విద్యాశాఖ దగ్గరే ఉన్నాయి. మండల విద్యాధికారిని అడుగుదామంటే, తెలంగాణలో చాలా మండలాల్లో ఏళ్ల తరబడి ప్రధానోపాధ్యాయులే ఇన్‌చార్జీలుగా రెండు కుర్చీల్లో కూర్చున్నారు. దారి పంచాయతీరాజ్‌ది, బస్సు ఆర్టీసీది, ఆటో రవాణా శాఖది, వీధికుక్క మున్సిపాలిటీది, బిడ్డ విద్యాశాఖది. ఇన్ని శాఖల మధ్య ఉన్న దూరాన్ని చివరికి ఒక తల్లి నడుస్తోంది. మాసాయిపేటలో 2014 జులై 24న కాపలా లేని రైల్వే గేటు దగ్గర బడిబస్సును రైలు ఢీకొన్నప్పుడూ ఇదే జరిగింది. డ్రైవరు తప్పా, గేటు లేని రైల్వే తప్పా, బడి తప్పా అని వాదించుకున్నాం. బ్రాడ్‌గేజ్ మీద కాపలా లేని గేట్లు తర్వాత కొన్నేళ్లకు పూర్తిగా పోయాయి, ఎందుకంటే ఆ పనికి రైల్వే అనే ఒక్క యజమాని ఉన్నాడు. పల్లెలో బడిదారికి అలాంటి యజమాని లేడు.

కాబట్టి బాధ్యత ఎవరిదన్న చర్చ తల్లిదండ్రులా ప్రభుత్వమా దగ్గర ఆగితే లాభం లేదు. ప్రభుత్వంలో ఎవరు అన్నదాకా వెళ్లాలి. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ సచివాలయానికో సంక్షేమ, విద్యా సహాయకుడున్నాడు. వారం దాటి రాని బిడ్డ ఇంటికి వెళ్లి కారణం రాసి, దాన్ని పరిష్కరించే శాఖకు పంపడం అతని రాతపూర్వక విధి కావచ్చు; అప్పటిదాకా 75 శాతం షరతు కింద డబ్బు ఆపకూడదు. తెలంగాణలో ముందు పూర్తికాలం ఎంఈవోలు కావాలి, ఆ తర్వాతే ముఖ గుర్తింపు యంత్రాలు. బడులను కలపాలనుకుంటే కలపవచ్చు, కానీ విలీన ఉత్తర్వులోనే ఆ పిల్లలకు ఏ బండి, ఏ వేళకు, ఎవరి ఖర్చుతో అన్నది ఉండాలి. బండి కుదరకపోతే విలీనమూ ఆగాలి. ఇంటికి వెళ్లే మనిషీ, బడికి చేర్చే బండీ లేకుండా తల్లిదండ్రుల విధి గురించి ఉపన్యాసం చెప్పే అర్హత ఏ ప్రభుత్వానికీ రాదు. రెండూ ఉండి కూడా బిడ్డను పత్తి చేనుకు పంపే తండ్రినీ, పనిలో పెట్టుకునే ఆసామినీ కఠినంగా అడగవచ్చు, అడగాలి. బాలకార్మిక చట్టం అందుకే ఉంది.

ఈ మొత్తంలో పద్నాలుగేళ్లు నిండిన పిల్ల ఎక్కడా కనబడదు. ఎనిమిదో తరగతితో హక్కు ముగుస్తుంది. ఉన్నత పాఠశాల, ఇంటర్ కాలేజీ ఉండేది పెద్ద ఊళ్లో, మండల కేంద్రంలో. సరిగ్గా దూరం పెరిగే చోటే చట్టం చేయి వదిలేస్తుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం 20-24 ఏళ్ల యువతుల్లో పద్దెనిమిది నిండకుండా పెళ్లయినవారు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. పదో తరగతి తర్వాత కాలేజీకి రోజూ పంపడమెలాగన్న భయం ఆ పెళ్లిళ్ల వెనుక ఉన్న కారణాల్లో ఒకటని ఊళ్లలో పనిచేసే అంగన్‌వాడీ కార్యకర్తలెవరైనా చెబుతారు. జాతీయ విద్యా విధానం పద్దెనిమిదేళ్ల వరకూ చదువు అంది. చట్టం మారేదాకా ఆగనక్కర్లేదు, రవాణా భత్యాన్ని ఇంటర్ వరకూ పొడిగించడం రాష్ట్రాల చేతుల్లోనే ఉంది. ఏడాదికి 6 వేలన్నది తల్లి ఖాతాలో వేస్తున్న 13 వేలలో సగం కూడా కాదు.

కలెక్టరు అధ్యక్షతన ప్రతి జిల్లాలో రోడ్డు భద్రతా కమిటీ ఉంది. ఆర్టీసీ, పోలీసు, రహదారుల శాఖ, రవాణా శాఖ అన్నీ ఒకే బల్ల చుట్టూ కూర్చునేది అక్కడే. ఏప్రిల్ నెలలో ఆ కమిటీ ముందు మండలాల వారీగా బడిదారుల పటం, బస్సు వేళల పట్టిక పెట్టి ఆమోదం తీసుకుంటే మే నెలంతా దిద్దుబాట్లకు ఉంటుంది. అప్పుడు జూన్‌లో బడిబాటకు వెళ్లే టీచరు చేతిలో బ్యానరుతో పాటు, ఆ ఊరికి బస్సు ఎన్నింటికి వస్తుందో రాసిన కాగితం కూడా ఉంటుంది.